వైపర్ ఆగవలసిన చోటు

పోయిన జూన్‌లో హైవే మీద ముందు లారీ చక్రం కింద నుంచి రాయి ఎగిరొచ్చి మా కారు ముందు అద్దం పగిలింది. అద్దం మార్పించాం. కారు ఇంటికి తెచ్చుకున్న రోజు మాడు పగిలే ఎండ, కాబట్టి వైపర్ వేసి చూడాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. నాలుగు రోజుల తర్వాత మా అత్తయ్యగారిని కళ్ళ డాక్టరుకి చూపించడానికి విజయవాడ నుంచి గుంటూరు తీసుకెళ్తుంటే, మంగళగిరి దాటగానే వాన అందుకుంది. వైపర్ వేశాను. నా వైపు వైపర్ పైకి వెళ్ళినప్పుడల్లా అద్దం పక్కనున్న రేకు స్తంభానికి కొట్టుకుని టక్కుమంటోంది. వాన తగ్గాక ఆపేశాను. కింద బానెట్ అంచున పడుకోవలసిన పుల్ల, జానెడు పైకి వచ్చి అక్కడే ఆగిపోయింది. సరిగ్గా నేను రోడ్డు చూసే చోట నల్లగా ఒక గీత. ఆ గీత వెనక నుంచి ఒక సైకిలాయన ఉన్నట్టుండి బయటికి వచ్చేసరికి నా గుండె జారిపోయింది. బ్రేకు వేశాను, ఏమీ కాలేదు. కానీ పక్కకి తీసి ఆపి, ఐదు నిమిషాలు కూర్చుంటే గానీ నా కాళ్ళు నా మాట వినలేదు.

ఇంటికొచ్చి అద్దం మార్చిన షాపుకి ఫోన్ చేశాను. ఆ షాపు ఏదో ఇక్కడ అనవసరం. అవతలి అబ్బాయి పూర్తిగా వినకుండానే, "మేడమ్, మీరు వైపర్‌ని చేత్తో లాగుంటారు. మోటారు పోయింది. కొత్తది వెయ్యాలి. సార్‌ని ఒకసారి ఫోన్ చెయ్యమనండి" అన్నాడు.

సార్ ఒంగోల్లో ఉద్యోగం చేస్తున్నారు. శని, ఆదివారాలు వస్తారు. వారంలో ఐదు రోజులు ఆ కారు నడిపేది నేను. నలభై దాటాక నేర్చుకున్నాను, అయినా నేర్చుకున్నాను. నేను చేత్తో లాగలేదు. ఆ సంగతి నాకు తెలుసు, కానీ తెలిసినంత మాత్రాన అవతలివాళ్ళు నమ్మాలి కదా! అప్పుడే అసలీ వైపర్ ఎలా పనిచేస్తుంది, ఎక్కడ ఆగాలో దానికి ఎవరు చెబుతారు, ఇది ఎవరి బుర్రలో పుట్టింది అని చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ, నాకు ఫోన్లో వినపడిన మాట నూట పాతికేళ్ళ పాతదని అర్థమైంది.

మంచులో ఒక ట్రాము

వైపర్ కథ అమెరికాలో మేరీ ఆండర్సన్ అనే ఆవిడతో మొదలుపెట్టడం పరిపాటి. 1866లో అలబామా రాష్ట్రంలో పుట్టింది. పెళ్ళి చేసుకోలేదు. బర్మింగ్‌హామ్ అనే ఊళ్ళో ఫెయిర్‌మాంట్ అపార్ట్‌మెంట్స్ అని ఒక భవనం కట్టించి, అద్దెలకిచ్చి చూసుకునేది. మధ్యలో 1893 నుంచి కొన్నేళ్ళు కాలిఫోర్నియాలో పశువుల్ని పెంచి, ద్రాక్షతోట కూడా నడిపింది. అంటే ఇంజనీరు కాదు, ఏ ఫ్యాక్టరీలోనూ పనిచెయ్యలేదు. పనులు చేయించడం, లెక్కలు చూసుకోవడం, అద్దెకున్న వాళ్ళ ఇళ్ళల్లో కుళాయి కారితే బాగుచేయించడం తెలిసిన మనిషి.

1902-03 చలికాలంలో న్యూయార్క్ చూడటానికి వెళ్ళి ట్రాము ఎక్కింది. మన మద్రాసులో 1895లోనే కరెంటు ట్రాములు తిరిగాయి గనుక ఆ బండ్లు మన పెద్దవాళ్ళలో కొందరికి తెలిసినవే. న్యూయార్క్‌లో ఆ రోజు వానా మంచూ కలిసి పడుతున్నాయి. ట్రాము ముందు అద్దం మీద మంచు పేరుకుపోతోంది. అద్దం తెరిచి చూద్దామంటే చలిగాలీ మంచూ నడిపేవాడి మొహాన కొడుతున్నాయి. దిగి తుడుద్దామంటే బండి ఆపాలి. ఆ బండిలో ఉన్నవాళ్ళందరూ ఇదంతా చూశారు. చలికాలమంటే అంతేలే అని సర్దుకున్నారు. ఆవిడ మాత్రం, లోపల కూర్చునే బయట అద్దం తుడిచే దారి లేదా అని ఆలోచించింది.

ఊరికి తిరిగొచ్చి బొమ్మ గీయించి, నమూనా చేయించి, 1903 జూన్ 18న పేటెంటుకి దరఖాస్తు పెట్టింది. ఆ ఏడాది నవంబరు 10న 7,43,801 నంబరుతో పేటెంటు వచ్చింది. అందులో ఉన్నది చాలా తేలిక యంత్రం. బయట రబ్బరు అంచున్న ఒక చెయ్యి. లోపల నడిపేవాడి చేతికందేలా ఒక పిడి. పిడి తిప్పితే బయట చెయ్యి అద్దం మీద అటూ ఇటూ ఊగుతుంది. రబ్బరు అద్దాన్ని ఒత్తుకుని ఉండేలా ఏర్పాటు ఉంది. ఇంకొక మాట కూడా అందులో ఉంది, నాకు బాగా నచ్చింది అదే. వాన, మంచు లేని రోజుల్లో ఆ సరంజామా ఊడదీసి పక్కన పెట్టుకోవచ్చు. పని లేనప్పుడు అడ్డంగా ఉండకూడదన్న సంగతి మొదటి రోజునే ఆవిడకి తట్టింది. వైపర్ ఎలా తుడవాలన్నదే కాదు, తుడవనప్పుడు ఎక్కడుండాలన్నది కూడా ఆవిడ ఆలోచించింది.

1905లో ఈ హక్కులు కొనమని కెనడాలోని ఒక సంస్థకి రాస్తే, అమ్ముకోదగ్గ విలువ దీనికి ఉందని మేము అనుకోవడం లేదని జవాబొచ్చింది. అప్పట్లో రోడ్డు మీద కార్లే తక్కువ, కాబట్టి పూర్తిగా వాళ్ళనీ అనలేం. కానీ కార్లు పెరిగాయి. పేటెంటు గడువు 17 ఏళ్ళు, 1920లో అయిపోయింది. 1922లో కాడిలాక్ సంస్థ తన కార్లన్నిటికీ వైపర్ పెట్టి అమ్మడం మొదలుపెట్టింది. ఆవిడకి దీని మీద పైసా రాలేదు. 1953లో 87 ఏళ్ళ వయసులో పోయింది. అప్పటికి వైపర్ లేని కారు దాదాపు లేదు. 2011లో అమెరికా జాతీయ ఆవిష్కర్తల గౌరవ జాబితాలో ఆవిడ పేరు చేర్చారు. పోయిన 58 ఏళ్ళకి!

తల్లీ కూతుళ్ళు

చేత్తో తిప్పే వైపర్‌తో చిక్కు మీకు అర్థమయ్యే ఉంటుంది. ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో వైపరు, గేరు మార్చడానికి మూడో చెయ్యి ఎక్కణ్ణుంచి వస్తుంది? మనకి వంటింట్లో అలవాటే గానీ, రోడ్డు మీద కుదరదు.

కరెంటుతో అద్దం తుడిచే యంత్రానికి 1917లో పేటెంటు తీసుకున్నది కూడా ఒక స్త్రీయే. పేరు షార్లెట్ బ్రిడ్జ్‌వుడ్. ఆవిడ యంత్రంలో ఊగే చెయ్యి బదులు అద్దం మీద దొర్లే రోలర్లు ఉండేవి. వ్యాపారంగా నిలబడలేదు. ఆవిడ కూతురు ఫ్లోరెన్స్ లారెన్స్. మూకీల కాలంలో అమెరికాలో పెద్ద తార. ఆ అమ్మాయికి కార్లంటే ప్రాణం. తన కారుకి తనే రెండు ఏర్పాట్లు చేసుకుంది. బొత్తాం నొక్కితే వెనక ఒక చెయ్యి లేచి, కారు ఏ వైపు తిరగబోతోందో చెబుతుంది. బ్రేకు వేస్తే వెనక 'ఆగు' అన్న పలక పైకి లేస్తుంది. ఇవాళ మనం ఇండికేటరు, బ్రేకు లైటు అంటున్నవాటికి అవి ముందు రూపాలు. పేటెంటు తీసుకోలేదు. దాంతో ఆ అమ్మాయికీ ఏమీ దక్కలేదు.

అమ్మ వాన గురించి ఆలోచిస్తే, కూతురు వెనక వచ్చేవాళ్ళ గురించి ఆలోచించింది. ఆ రెండూ లేకుండా ఇప్పుడు కారు రోడ్డెక్కదు.

సైకిలు మీద మనిషి

నాకు మంగళగిరి దగ్గర జరగబోయి తప్పింది, అమెరికాలో బఫెలో అనే ఊళ్ళో జాన్ ఓయిషే అనే ఆయనకి నిజంగానే జరిగింది. ఆయన నాటకశాల మేనేజరు. 1916లో ఒక వాన రాత్రి కారు నడుపుతూ, అద్దం మీద నీళ్ళల్లో ఏమీ కనబడక ఒక సైకిలు మనిషిని గుద్దాడు. ఆ మనిషికి పెద్ద దెబ్బలు తగల్లేదు గానీ ఈయనకి మనసు కుదుటపడలేదు. చేత్తో తిప్పే రబ్బరు వైపర్ ఒకటి వెతికి పట్టుకుని, దాన్ని తయారుచేసి అమ్మే సంస్థే పెట్టేశాడు. తర్వాత ట్రైకో అన్న పేరుతో అది వైపర్లకి పెద్ద సంస్థ అయింది.

ఆ కాలంలో బాగా వాడుకలోకి వచ్చినవి ఇంజను పీల్చే గాలితో నడిచే వైపర్లు. ఇంజను గాలిని లోపలికి లాక్కుంటుంది కదా, ఆ లాగుడునే ఒక గొట్టం ద్వారా తెచ్చి వైపర్‌ని ఊపేవారు. వేరే మోటారు అక్కర్లేదు, చవక. కానీ ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు యాక్సిలరేటరు గట్టిగా తొక్కితే ఆ లాగుడు తగ్గిపోతుంది. వైపర్ నీరసపడుతుంది, ఒక్కోసారి మధ్యలోనే ఆగిపోతుంది. లారీని దాటబోయే క్షణంలో, అంటే రోడ్డు బాగా కనపడవలసిన సమయంలోనే, చెయ్యిచ్చేదన్నమాట. అయినా అమెరికా కార్లలో ఇవి 1950ల దాకా, కొన్నిట్లో ఆ తర్వాత కూడా ఉన్నాయి.

కరెంటు మోటారు వైపర్‌ని 1926లో జర్మనీలో బాష్ సంస్థ తెచ్చింది. ఎత్తయినా పల్లమైనా ఒకే వేగం. ఇక్కణ్ణుంచే నా గొడవకి సంబంధించిన అసలు కథ మొదలవుతుంది.

ఆపెయ్యి అంటే ఎక్కడ ఆగాలి?

పిడి చేత్తో తిప్పినంతకాలం ఈ ప్రశ్న లేదు. ఎక్కడ ఆపాలో చేతికి తెలుసు. మోటారుకి ఏం తెలుసు? స్విచ్ కట్టేస్తే కరెంటు పోతుంది, ఉన్నచోట ఆగిపోతుంది. అద్దం మధ్యలో ఉంటే మధ్యలోనే. కొన్ని పాత బ్రిటిష్ కార్లలో దీనికోసం లోపల అద్దం దగ్గర ఒక పిడి ఉండేది. మోటారు ఆపాక ఆ పిడి పట్టుకుని వైపర్‌ని చేత్తో పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. చూశారా, "మీరు చేత్తో లాగుంటారు" అన్నది ఒకప్పుడు నేరం కాదు, పద్ధతి!

ఈ పని యంత్రమే చేసుకునేలా ఎలా చేశారో నాకు మొదట తలకెక్కలేదు. ఎక్కించింది మా అత్తయ్యగారు. ఆవిడకి కంట్లో శుక్లాలు. నేను చదివి వినిపిస్తుంటే మంచం మీద పడుకుని వింటున్నారు. "మోటారు గుండ్రంగా తిరుగుతుంటే వైపర్ అటూ ఇటూ ఎలా ఊగుతుందే?" అన్నారు. నేను చెప్పేలోపే ఆవిడే, "ఓ, మన కుట్టు మిషను లాగానా! చక్రం గుండ్రంగా తిరుగుతుంది, సూది పైకీ కిందకీ ఆడుతుంది" అన్నారు.

అచ్చం అంతే. వైపర్ మోటారు ఒకే దిక్కుకి తిరుగుతుంది. దానికి తగిలించిన చిన్న కాడ, రెండు మూడు కడ్డీలు కలిసి ఆ తిరుగుడుని ఊపుగా మారుస్తాయి.

"మరి కుట్టు ఆపాక సూది గుడ్డలో దిగబడి ఉంటే ఏం చేస్తాం? చేత్తో చక్రం తిప్పి సూది పైకి తెచ్చుకున్నాకే కదా గుడ్డ లాగుతాం" అన్నారు.

అదే కిటుకు. వైపర్ మోటారు లోపల పళ్ళ చక్రం మీద ఒక రాగి పట్టీ ఉంటుంది. దానికి ఒక్కచోట గాటు. మనం స్విచ్ ఆపగానే ముందు దారిలో వచ్చే కరెంటు ఆగిపోతుంది గానీ, ఈ పట్టీ మీదుగా రెండో దారిలో కరెంటు వస్తూనే ఉంటుంది. వీధి తలుపు వేసినా పెరటి తలుపు తీసే ఉన్నట్టు. మోటారు అలా ఇంకాస్త తిరిగి, గాటు దగ్గరికి రాగానే రెండో దారి కూడా తెగుతుంది. అదే సమయంలో మోటారు తనని తానే బ్రేకు వేసుకునేలా తీగలు కలుస్తాయి. ఆ గాటు, వైపర్ సరిగ్గా కిందికి వచ్చే క్షణానికి కుదిరేలా పెట్టి ఉంటుంది. సూదిని పైకి తెచ్చే చెయ్యి ఇదే, మోటారు లోపలే ఉంది.

బీఏలో తెలుగు చదువుకున్నదాన్ని కాబట్టి నాకు ఇంకొకటి తోచింది. మధ్యలో ఆగిన వైపర్ అసమాపక క్రియ లాంటిది. "తుడిచి..." అని వదిలేస్తే వాక్యం పూర్తవదు. "తుడిచి వచ్చి పడుకుంది" అనాలి. స్విచ్ ఆపాక కూడా యంత్రం ఆ వాక్యం పూర్తిచేస్తుంది. 1960ల చివర్లో అమెరికాలో జనరల్ మోటార్స్ కొన్ని కార్లలో వైపర్లని బానెట్ అంచు కింద పూర్తిగా దాచేసింది. వాన లేనప్పుడు వైపర్ ఉన్నట్టే తెలియదు. మేరీ ఆండర్సన్ ఊడదీసి పక్కన పెట్టుకోమన్నదాన్ని, 60 ఏళ్ళు దాటాక యంత్రం తనంతట తను చేసుకోగలిగింది.

రెప్పపాటు

సన్న తుంపర పడుతున్నప్పుడు ఒకసారి తుడిచి, ఆగి, మళ్ళీ తుడిచే వైపర్ ఇప్పుడు దాదాపు అన్ని కార్లలో ఉంది. దీని వెనకున్న మనిషి రాబర్ట్ కర్న్స్, డెట్రాయిట్‌లో ఇంజనీరింగ్ ప్రొఫెసరు. 1953లో పెళ్ళిరాత్రి షాంపేన్ సీసా బిరడా ఎగిరి ఎడమ కంటికి తగిలింది. ఆ కంటి చూపు దాదాపు పోయింది. పదేళ్ళ తర్వాత వానలో కారు నడుపుతూ, ఆగకుండా ఊగే వైపర్ కంటిని అలసగొడుతుంటే, కంటిరెప్ప అలా ఆగకుండా కొట్టుకోదు కదా, అవసరమైనప్పుడే కదా వాలుతుంది అనుకున్నాడట. ఇంటి నేలమాళిగలో పనిచేసి, ఒక యంత్రం కట్టి, 1964లో పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు.

ఈ రెప్పపాటు కూడా మోటారులో ఉన్న ఆ గాటు మీదే ఆధారపడుతుంది. మోటారుకి చిన్న తోపు ఇస్తే చాలు, మిగతా చుట్టు రెండో దారి పూర్తిచేసి, వైపర్‌ని కిందికి చేర్చి ఆపుతుంది. కాసేపాగి మళ్ళీ తోపు. గాటు దగ్గర స్విచ్ పాడైతే ఈ రెప్పపాటు కూడా తడబడుతుంది, వైపర్ అద్దం మీద ఎక్కడపడితే అక్కడ ఆగుతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది.

కర్న్స్ తన యంత్రాన్ని ఫోర్డ్ వాళ్ళకి చూపించాడు. ఒప్పందం కుదరలేదు. కొన్నాళ్ళకి అలాంటి వైపర్లు ఆ కార్లలోనే కాదు, మిగతా కార్లలోనూ వచ్చాయి. 1978లో ఫోర్డ్ మీద, 1982లో క్రైస్లర్ మీద కేసు వేశాడు. 1990లో జ్యూరీ ఆయన పేటెంటుని ఫోర్డ్ అతిక్రమించిందని, అయితే కావాలని చెయ్యలేదని తేల్చింది. కోటీ రెండు లక్షల డాలర్లతో రాజీ కుదిరింది. క్రైస్లర్ కేసు తనే వాదించుకుని గెలిచాడు. వడ్డీతో కలిపి సుమారు మూడు కోట్ల డాలర్లు వచ్చాయి. 2005లో చనిపోయాడు. 2008లో ఆయన మీద 'ఫ్లాష్ ఆఫ్ జీనియస్' అనే సినిమా కూడా తీశారు.

డబ్బు వచ్చింది, పేరు వచ్చింది. ఈ మధ్యలో ఇల్లు పోయింది. ఆరుగురు పిల్లలున్న సంసారం. ఏళ్ళ తరబడి ఆ కేసు కాగితాలే ఆయనకి లోకమయ్యాయి, పెళ్ళి విడాకులతో ముగిసింది. పిల్లలు పెరిగాక కేసు పనుల్లో ఆయనకి సాయం చేశారు. ఇది నాదే అని లోకం చేత ఒప్పించడానికి ఆయనకి మనసంతా ఖర్చయింది. మేరీ ఆండర్సన్ కోర్టుకి వెళ్ళలేదు. తన అపార్ట్‌మెంట్లు చూసుకుంటూ బతికింది. ఇద్దరిలో ఎవరు సుఖపడ్డారో నేను చెప్పలేను. కానీ ఆయన పడ్డ పాట్లు సినిమా అయ్యాయి. ఆవిడ కథ పోయిన చాలా ఏళ్ళకి గానీ బయటపడలేదు.

ఇక మా కారు

నేను ఆ రోజు అత్తయ్యగారికి ఇదంతా చెప్పాక, ఆవిడ ఒక్క ప్రశ్న వేశారు. "అమ్మాయ్, అది రోజూ ఒక్కచోటే ఆగుతోందా, తలోసారి తలో చోట ఆగుతోందా?"

కిందికి వెళ్ళి, మగ్గుతో అద్దం మీద నీళ్ళు పోసి పదిసార్లు వేసి ఆపాను. పదిసార్లూ అదే చోట ఆగింది. జానెడు పైన, వెంట్రుకవాసి తేడా లేకుండా. అంటే లోపల గాటు, స్విచ్, మోటారు అన్నీ బాగానే ఉన్నాయి. మోటారు తన లెక్క ప్రకారం ఇంటికి చేరుకునే ఆగుతోంది. తప్పు మోటారుకీ వైపర్ చేతికీ మధ్య ఉంది. రెండో సాక్ష్యం ఆ టక్కుమనే చప్పుడు. కింద జానెడు పైన మొదలైన ఊపు, పైన జానెడు ఎక్కువ పోవాలి కదా! అందుకే స్తంభానికి తగులుతోంది. మూడోది, పక్క వైపర్ తన చోటనే చక్కగా పడుకుంటోంది. రెండూ కలిసి పక్కకి జరిగి ఉంటే మోటారు దగ్గర కాడ జారిందని అనుకోవాలి. ఒక్కటే జరిగిందంటే ఆ ఒక్క చెయ్యే తప్పుగా బిగించారు.

అద్దం మార్చేటప్పుడు వైపర్ చేతులు ఊడదీయక తప్పదు. చెయ్యి కూర్చునే ఇరుసుకి చుట్టూ సన్నటి పళ్ళుంటాయి. తిరిగి పెట్టేటప్పుడు కొన్ని పళ్ళు అటూ ఇటూ అయితే ఇదిగో ఇలా అవుతుంది. కొత్త మోటారు వేయించుకుని ఉంటే వేలకు వేలు ఖర్చు, ఆ తర్వాత అదే తప్పు!

మీకూ ఎప్పుడైనా పనికొస్తుందని నేను చేసింది చెబుతాను.

మొదట వైపర్ వేసి, దాని స్విచ్‌తోనే ఆపాలి. వైపర్ ఊగుతుండగా తాళం తిప్పి ఆపకూడదు, అలా చేస్తే మోటారు తన చోటికి చేరకుండానే ఆగిపోతుంది. అది ఆగాక తాళం తీసెయ్యాలి. అద్దం మీద మందపాటి దుప్పటి మడతపెట్టి పరిచాను. వైపర్ చేతికి స్ప్రింగు ఉంటుంది, జారి కొడితే అద్దం పగులుతుంది. ఒకసారి మార్చిన అద్దం మళ్ళీ మార్పించే ఓపిక లేదు. చెయ్యి మొదట్లో ఉన్న ప్లాస్టిక్ మూతని పాత స్పూను కాడతో లేపాను. కింద నట్టు. మా కారుకి 14 నంబరు పానా పట్టింది, కార్లని బట్టి మారుతుంది. నట్టుని పూర్తిగా తియ్యకుండా వదులు చేసి, వైపర్ చేతిని నిలబెట్టి, మొదలు దగ్గర పట్టుకుని నెమ్మదిగా అటూ ఇటూ ఆడించాను. సుత్తి జోలికి పోకూడదు. కాసేపటికి పట్టు వదిలింది. అప్పుడు నట్టు తీసి, చెయ్యి పైకి లాగాను.

అద్దం కింది అంచున సన్నగా గీత గానీ చుక్క గానీ ఉంటుంది, బ్లేడు అక్కడ పడుకోవాలని గుర్తు. మా కొత్త అద్దం మీద కూడా ఉంది. బ్లేడుని ఆ గుర్తు మీద ఆనించి, చేతిని ఇరుసు పళ్ళ మీద కూర్చోబెట్టి, నట్టు బిగించాను. గట్టిగానే, కానీ బలమంతా పెట్టి కాదు. అత్తయ్యగారు కుర్చీ వేయించుకుని పక్కనే కూర్చున్నారు. "పొడి అద్దం మీద వెయ్యకు, రబ్బరు అరుగుతుంది" అని ఆవిడే మగ్గుతో నీళ్ళు పోశారు. వేశాను. టక్కు లేదు. ఆపాను. చివరి ఊపు పూర్తిచేసుకుని, కిందికి వచ్చి, గుర్తు మీద పడుకుంది. మొత్తం అరగంట.

ఒకవేళ మీ కారులో వైపర్ ఆపినచోటల్లా ఆగిపోతుంటే అది నేను చెప్పిన గాటు స్విచ్ సంగతి, లేదా ఫ్యూజు, తీగలు. అది ఆటో ఎలక్ట్రీషియన్‌కి చూపించవలసిన పని. అప్పుడు కూడా ఊరికే "పాడైంది" అనకుండా, "ఆపినచోటే ఆగిపోతోంది, ఇంటికి చేరడం లేదు" అని చెప్పండి. సగం రోగం అక్కడే తెలుస్తుంది.

సాయంత్రం షాపుకి మళ్ళీ ఫోన్ చేశాను. మోటారు బాగానే ఉందనీ, చెయ్యి తప్పు పళ్ళ మీద బిగించారనీ, సరిచేసుకున్నాననీ చెప్పాను. కాసేపు చప్పుడు లేదు. "సార్ చేశారా మేడమ్?" అన్నాడు.

"లేదు బాబూ. నేనూ మా అత్తయ్యా చేశాం" అన్నాను. సైకిలాయన సంగతి కూడా చెప్పాను, ఇంకొకళ్ళ కారుకి బిగించేటప్పుడు గుర్తుంటుందని. "సారీ మేడమ్, ఇకనుంచి నీళ్ళు పోసి చూసే ఇస్తాం" అన్నాడు. ఆ మాట నిలబెట్టుకుంటే చాలు.

పోయిన నెల అత్తయ్యగారి కంటికి ఆపరేషన్ అయింది. తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ వాన. ఆవిడ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని పక్క సీట్లో కూర్చున్నారు. వాన వెలిశాక వైపర్ ఆపాను. అది కిందికి వచ్చి పడుకునేదాకా చూసి, అప్పుడు వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు.